16 జీబీ వేస్తే సగమే వాడుతోంది, మిగతా ర్యామ్ ఏమైనట్టు?

నీలిమేఘం:
ఉన్న 8 జీబీకి తోడు ఇంకో 8 జీబీ స్టిక్ కొని వేశాను. రెండూ డీడీఆర్4 రకం ర్యామే. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో 16 జీబీ ఉంది అంటూనే, వాడుకోగలిగేది 7.94 అని చూపిస్తోంది. టాస్క్ మేనేజర్‌లో 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్', అంటే విండోస్‌కి అందకుండా పక్కన పెట్టింది, 8.1 జీబీ! విండోస్ 10, 64 బిట్. బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) అప్‌డేట్ చేశాను. పాత స్టిక్ వేగం 2400, కొత్తదానిది 3200. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

పాతపెట్టె:
ఇది 32 బిట్ రోగమే. నేనూ పడ్డాను. 4 జీబీ వేస్తే 3.25 దగ్గర ఆగిపోయేది. 32 బిట్లతో అందే అడ్రసులే 4 జీబీ, అందులోంచే గ్రాఫిక్స్ కార్డుకీ మిగతా పరికరాలకీ చోటివ్వాలి. 64 బిట్ విండోస్ వేసుకోండి.

ముక్కుసూటి:
64 బిట్ అని ఆయన రాసింది కనబడలేదా? చదవకుండానే మందు రాసేస్తారు.

పాతపెట్టె:
చదివాను. పేరుకి 64 ఉన్నంత మాత్రాన సరిపోదు. విండోస్ 7 హోమ్ బేసిక్ 64 బిట్ అయినా 8 జీబీ దాటి వాడేది కాదు.

ముక్కుసూటి:
ఆయనది 10. అందులో హోమ్ ఎడిషన్‌కే 128 జీబీ దాకా ఉంది. వదిలేయండి.

చిట్టిచిప్:
ఇంత చర్చ ఎందుకండీ. స్టిక్ తీసి, బంగారు రంగు కాంటాక్టుల మీద పెన్సిల్ రబ్బరుతో నాలుగు సార్లు రుద్ది మళ్లీ పెట్టండి. నాది బీప్ కొడుతూ ఆన్ అవకపోతే అలాగే బాగైంది. కొత్త బోర్డు కొనమన్నారు నన్ను!

సోల్డర్‌గురు:
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. ఈ బోర్డులు రిపేరు చేస్తూనే నా తల నెరిసింది. ఆ బంగారు పూత వెంట్రుక కంటే ఎంతో పల్చన. రబ్బరులో గరుకు ఉంటుంది, పూత లేచిపోతే కింది లోహం తుప్పు పడుతుంది. పైగా రబ్బరు పొడి స్లాట్‌లోకి పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ. అంతే.

చిట్టిచిప్:
పూత లేచిపోతే నా మిషన్ ఇప్పటికీ ఎలా నడుస్తోంది గురువుగారూ?

సోల్డర్‌గురు:
నడిచేవి మా బెంచీ మీదకి రావు కదా. వచ్చేవాటిని నేను చూస్తాను.

కీబోర్డుపిల్లి:
తెల్లటి మెత్తటి రబ్బరు వేరు, సిరా చెరిపే గరుకు రబ్బరు వేరు. ఇద్దరూ చెరోదాని గురించి కొట్లాడుతున్నారు. అసలు కొత్త స్టిక్‌కి రబ్బరెందుకు?

చిట్టిచిప్:
డబ్బాలోంచి తీసేటప్పుడు వేళ్ల జిడ్డు అంటదా? సరే, నా అనుభవం నాది. ఇక మాట్లాడను.

రాత్రిషిఫ్టు:
నీలిమేఘం గారూ, ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ మొదలయ్యే తీరు మార్చే సెట్టింగుల ప్రోగ్రాం) తెరిచి బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. 'మ్యాగ్జిమమ్ మెమరీ' దగ్గర టిక్ ఉంటే తీసేయండి. స్పీడు పెరుగుతుందని ఎవరో చెబితే పెట్టేస్తారు, అది నిజానికి పరిమితి విధిస్తుంది.

నీలిమేఘం:
టిక్ లేదు. రబ్బరు జోలికి వెళ్లలేదు. ఒక్కో స్టిక్‌ని విడిగా ఏ2 స్లాట్‌లో పెడితే రెండూ బాగానే పనిచేస్తున్నాయి. బీ2లో ఏది ఒక్కటే పెట్టినా తెరే రావడం లేదు.

కీబోర్డుపిల్లి:
అయితే స్టిక్‌ల తప్పు కాదు, బీ చానెల్‌ది, అంటే బీ స్లాట్ల నుంచి ప్రాసెసర్‌కి వెళ్లే దారిది. సైజు చెప్పే చిన్న చిప్ స్టిక్ మీదే ఉంటుంది, దాన్ని బోర్డు వేరే సన్నటి తీగల మీద చదువుకుంటుంది. అందుకే 16 అని కనబడుతుంది. డేటా తీగలు ప్రాసెసర్ దాకా తెగకుండా వెళ్లాలి, అక్కడ ఏదో అందడం లేదు. ఈమధ్య ప్రాసెసర్ మీది కూలర్ విప్పారా?

నీలిమేఘం:
విప్పాను. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి లాగే పేస్టు మార్చాను.

సోల్డర్‌గురు:
నేను అదే చెప్పబోతున్నాను. కూలర్ ఒక పక్క ఎక్కువ బిగిస్తే ప్రాసెసర్ ఓరగా కూర్చుంటుంది, సాకెట్‌లో కొన్ని పిన్నులు తగలవు. స్క్రూలన్నీ వదులు చేసి, ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించండి. అప్పటికీ రాకపోతే ప్రాసెసర్ తీసి, టార్చి ఏటవాలుగా వేసి చూడండి. వంగిన పిన్ను మిగతా వరసలో వేరుగా మెరుస్తుంది.

ముక్కుసూటి:
చెప్పబోతున్నవారు ఇందాకటి దాకా రబ్బరు మీద ఉన్నారు.

పాతపెట్టె:
బయోస్‌లో 'మెమరీ రీమ్యాప్' (పరికరాల అడ్రసుల కింద పడిన ర్యామ్‌ని పై అడ్రసులకి మార్చే సెట్టింగు) ఆన్‌లో ఉందా? ఎవరూ అడగలేదు.

నీలిమేఘం:
మూలమూలగా బిగించాను. వాడుకోగలిగేది ఇప్పుడు 15.9! పిన్నులు వంగలేదు. కాకపోతే రెండు స్టిక్‌లూ 2400 మీదే నడుస్తున్నాయి.

రాత్రిషిఫ్టు:
నెమ్మదిదాని వేగానికే రెండూ దిగుతాయి, మామూలే. ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం రాత్రంతా పెట్టి వదిలేయండి.

వానచినుకు:
నా ల్యాప్‌టాప్‌లో 8కి 5.9 చూపిస్తోంది. నేనూ కూలర్ విప్పాలా?

కీబోర్డుపిల్లి:
ఆగండి, ఏదీ విప్పకండి! ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే 2 జీబీ దానికే కేటాయించి ఉండొచ్చు. బయోస్‌లో చూడండి, తగ్గించే వీలు కొన్నింటిలో ఉంటుంది. మోడల్ చెప్పండి.

చిట్టిచిప్:
ముందు కాంటాక్టులు తుడిచి చూడమనండి.