మెస్సయ్యే మతం మారిపోయాక నమ్మకం ఎలా బతికింది?

కృష్ణలంక కుర్రాడు:
లెనిన్ సెంటర్లో అట్ట ఊడిన యూదుల చరిత్ర పుస్తకం ఒకటి అరవై రూపాయలకి దొరికింది. షబ్బతై జెవి అనే యూదుడి కథ దగ్గర ఆగిపోయాను. 1665లో గాజా ఊరి నాథన్ అనే ఆయన ఈయన్ని మెస్సయ్య, అంటే యూదులు ఎదురుచూసే రక్షకుడు అని ప్రకటించాడు. ఏడాది తిరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్ నుంచి యెమెన్ దాకా ఉపవాసాలు, ప్రయాణాల సర్దుళ్ళు. 1666 సెప్టెంబరులో తుర్కీ సుల్తాను ముందు నిలబెడితే, ప్రాణం దక్కించుకోడానికి తలపాగా చుట్టి ముస్లిం అయిపోయాడు. పైగా సుల్తాను దగ్గర జీతం! అయినా నాథన్ 1680లో పోయేదాకా ఈయన పేరే చెప్పుకు తిరిగాడట. ఎలా?

2009 వరదలో కృష్ణమ్మ దుర్గమ్మ ముక్కుపుడకని తాకుతుందని మా అమ్మమ్మ గట్టిగా నమ్మింది. తాకలేదు. అడిగితే "ఇప్పుడు కాదులేరా" అంది. ఆ మాటే గుర్తొస్తోంది.

బ్రాడీపేట మాస్టారు (రిటైర్డ్):
నాయనా, జవాబు అంతకు వందేళ్ళ ముందు సఫెద్‌లో ఉంది. 1492లో స్పెయిన్ వెళ్ళగొట్టిన యూదుల సంతతి చాలామంది గలిలయ కొండల్లోని ఆ ఊరు చేరారు. అక్కడ ఐజాక్ లూరియా (1572లో 38 ఏళ్ళకే పోయాడు) చెప్పిన సృష్టి కథ వేరు. దేవుడి వెలుగు పోసిన పాత్రలు తట్టుకోలేక పగిలాయి, వెలుగు రవ్వలు పెంకుల్లో, అంటే చెడులో చిక్కాయి. ఒక్కో దేవుడి ఆజ్ఞ పాటించి ఒక్కో రవ్వని విడిపించాలి. నాథన్ దీన్నే ఒక మెలిక తిప్పాడు: అట్టడుగు రవ్వల కోసం మెస్సయ్య స్వయంగా పెంకుల్లోకి దిగాలన్నాడు. దుర్గా ఘాట్‌లో నీళ్ళు తగ్గినప్పుడు చిల్లర ఏరే పిల్లల్ని చూశావుగా, బురద అంటకుండా రూపాయి చేతికొస్తుందా? అలా మతం మారడమే పెద్ద సేవ అయింది. 1683లో సలోనికాలో (ఇప్పటి గ్రీసు) సుమారు 300 కుటుంబాలు ఆయన వెనకే ఇస్లాంలోకి వెళ్ళాయి, ఇంట్లో మాత్రం పాత ప్రార్థనలే. అతితెలివి అంటే అను, నాకైతే దుఃఖం కనిపిస్తుంది.

మాచవరం డౌన్:
మాస్టారూ, రవ్వల లెక్క తెలిసినవాళ్ళు ఎందరు చెప్పండి? ఆ కాలంలోనే జర్మనీలో ఉన్న హామెల్న్ గ్లుకెల్ అనే యూదు వ్యాపారస్తురాలు తన జీవితకథలో మామగారి గురించి రాసింది. ఆయన ఇల్లూ వాకిలీ వదిలి హిల్డెస్‌హైమ్‌కి మారిపోయి, హాంబర్గ్‌లో ఉన్న వీళ్ళింటికి రెండు పెద్ద పీపాలు పంపాడు. నారబట్టలు, బఠాణీలు, చిక్కుళ్ళు, ఎండు మాంసం. పిలుపు రాగానే పవిత్రభూమికి ఓడెక్కాలి కదా! ఏడాది దాటాక మాంసం కుళ్ళుతుందేమోనని, తినేవి తీసేయమని ఉత్తరం రాశాడు. బట్టలు మాత్రం ఉంచమన్నాడు. మూడేళ్ళు ఆ పీపాలు అలాగే ఉన్నాయి. నాకు నాథన్ కన్నా ఈ ముసలాయనే అర్థమవుతాడు.

చేబ్రోలు రోడ్డు:
ఆ రోజుల్లోనే తప్పిపోయిన పది ఇశ్రాయేలు గోత్రాలు అరేబియా ఎడారిలో దండెత్తి వస్తున్నాయని పుకారు. ఆ పదింట్లో ఎఫ్రాయిము ఒకటి. మేం ఎఫ్రాయిము వాళ్ళమేనని చెప్పుకునే తెలుగువాళ్ళు మా పక్కనే కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారు, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కూడా ఉంది. ఎప్పుడైనా రండి.

కృష్ణలంక కుర్రాడు:
వస్తానన్నా. మాచవరం మేడమ్, బట్టలు ఉంచమన్నాడు చూడండి! అమ్మమ్మ కూడా ఆ వరదలో ఒక ట్రంకు పెట్టె సర్దింది. తర్వాత ఒడియాలు వేయించి మాకే పెట్టింది. పట్టుచీర మాత్రం బయటికి తియ్యనివ్వలేదు.