జిహ్వాఫలం: నాలుకదా, పెదవులదా?

బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక 13:15లో, దేవునికి అర్పించమన్న "జిహ్వాఫలము" అంటే ఏంటండీ అని నిన్న ఒకరు అడిగారు కదా, కామెంట్‌లో పట్టేలా లేదని విడిగా రాస్తున్నా.

జిహ్వ అంటే నాలుక. కానీ గ్రీకులో ఉన్నది పెదవుల ఫలం. మన తెలుగు అనువాదకులు నాలుక ఎందుకు పెట్టారో గానీ తెలుగు చెవికి ఇదే నప్పింది, ఎందుకంటే మనకి మాటంటే నాలుకే, మాట తప్పినవాణ్ణి నాలుక మడతేశాడంటాం, పెదవి అనగానే పెదవి విరుపే గుర్తొస్తుంది. యెషయా 29:13లో కూడా పెదవులతో ఘనపరుస్తూ హృదయాన్ని దూరం చేసుకున్నారనే కదా ఫిర్యాదు!

అసలు తమాషా హోషేయ 14:2లో ఉంది. అక్కడ "ఎడ్లకు బదులుగా" పెదవులు అర్పిస్తున్నాం అంటారు. హీబ్రూలో ఎడ్లు 'పారీమ్', ఫలం 'పెరీ', రాతలో చివరి అక్షరం ఒక్కటే తేడా. పాత గ్రీకు అనువాదం అక్కడ ఫలం అనే రాసింది, హెబ్రీ పత్రికలోదీ అదే మాట. అంటే ఈ ఫలం వెనకాల బలిపీఠం దాకా నడిపించుకెళ్లే ఎడ్లున్నాయన్నమాట.

హెబ్రీయులకు 13:15లోనే "స్తుతియాగము" అనీ ఉంది. మనం స్తుతి వరకే పలికి యాగాన్ని మింగేస్తున్నాం అనిపిస్తుంది నాకు. యాగమంటే చేతిలోంచి ఏదో ఒకటి పోవాలి కదా. మొన్న రెండు రాత్రులు నిద్రలేక, ఇంట్లో టెన్షన్లతో ఆరాధనకి వెళ్లాను, పాటల పుస్తకం తెరిచే ఉంది, నోరు పెగల్లేదు. పక్కన ఒక పెద్దావిడ శ్రుతి తప్పుతూ, ఊపిరి అందక సగం లైన్లు వదిలేస్తూ పాడుతూనే ఉంది. మూడో చరణంలో నేనూ అందుకున్నా. ఇంటికొచ్చేసరికి సమస్య ఎక్కడిదక్కడే ఉంది, కానీ ఆ రాత్రి నిద్రపట్టింది.

స్తుతిస్తే సంకెళ్లు తెగుతాయని అపొస్తలుల కార్యములు 16 చూపించేవాళ్లు ఒక్కసారి వరుస చూడండి. దెబ్బలు తిని, చెరసాలలో కాళ్లకు బొండ (కాళ్లు బిగించే కొయ్య) వేసి ఉండగానే పౌలు, సీల పాడారు, సంకెళ్లు ఊడదీసిన భూకంపం తర్వాత వచ్చింది. అది వస్తుందని వాళ్లకి ముందే ఎవరూ చెప్పలేదు. స్తుతిని మీట నొక్కినట్టు వాడుకోవడం నాకు నచ్చదు, బలం ఉంది, అది మొదట పాడేవాడి లోపల పనిచేస్తుంది. అన్నట్టు "ఖైదీలు వినుచుండిరి" అనే చిన్న ముక్కని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం ఆ అధ్యాయంలో అదే ఇష్టం.

> మరి స్తుతి, స్తోత్రం ఒకటేనా అండీ?

రెండూ 'స్తు' ధాతువు నుంచే వచ్చాయండీ. వాడుకలో మాత్రం స్తోత్రం చాలా దూరం వెళ్లింది, కృతజ్ఞతకీ స్తోత్రమే, సంఘంలో సాక్ష్యం చెప్తూ మధ్యలో మాట తడబడినా స్తోత్రమే!