కుర్చీ విసిరిన కోచ్: బాబ్ నైట్ గొప్పవాడా, గెలిచాడు కాబట్టి చెల్లిందా?

బ్లూమింగ్టన్_బాటసారి
అమెరికాలో బ్లూమింగ్టన్ ఊళ్లో ఉన్న ఇండియానా యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నా. మొన్న మొదటిసారి మా యూనివర్సిటీ ఇండోర్ స్టేడియం అసెంబ్లీ హాల్లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూశాను. పైన ఐదు ఛాంపియన్‌షిప్ బ్యానర్లు వేలాడుతుంటాయి. వాటిలో మూడు (1976, 1981, 1987) బాబ్ నైట్ అనే ఒక్క కోచ్ తెచ్చినవేనట. పక్క సీట్లో ఎర్ర స్వెటరేసుకున్న పెద్దాయన ఆయన పేరెత్తితే చాలు, దేవుడి గురించి చెప్పినట్టు చెప్పాడు. రూముకొచ్చి యూట్యూబ్‌లో వెతికితే ముందు కనిపించింది కుర్చీ! 1985 ఫిబ్రవరి 23న ఇదే రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీతో మ్యాచ్. అవతలి ఆటగాడు ఫ్రీ త్రో వెయ్యబోతుంటే ఈయన ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి కోర్టు అడ్డంగా విసిరేశాడు.
ఇంతకీ ఈయన్ని గొప్ప కోచ్ అనొచ్చా? ఆటగాళ్ల మీద అరిచి, తిట్టి, మీద చెయ్యి వేసి తెచ్చిన కప్పును ఎలా లెక్కేస్తారు?

పీఈటీ_మాస్టారు
బాబూ, కుర్చీ ఒక్కటే చూస్తే ఎలా? 24 ఏళ్లకే ఆర్మీ (అమెరికా సైనిక కాలేజీ) జట్టుకు హెడ్ కోచ్. అక్కడ ఆయన దగ్గర ఆడిన కుర్రాడే తర్వాత డ్యూక్ యూనివర్సిటీ కోచ్‌గా చక్రం తిప్పిన మైక్ షషెవ్‌స్కీ. 1971లో ఇండియానా వచ్చాడు. 1975-76లో 32 ఆడి 32 గెలిచాడు. ఇవాల్టికీ పురుషుల డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటల్లో పై స్థాయి) ఆ తర్వాత ఒక్క ఓటమీ లేకుండా కప్పు కొట్టిన జట్టు లేదు. 1984 ఒలింపిక్స్‌లో మైకేల్ జోర్డాన్ ఉన్న జట్టుకు స్వర్ణం. రిటైరయ్యే నాటికి 902 గెలుపులు.
ఇంకోటి. అక్కడ కాలేజీ ఆటల్లో కుర్రాళ్లకు చాటుగా డబ్బులు, కార్లు ముట్టజెప్పడం పెద్ద జబ్బు. ఈయన మీద ఆ మచ్చ లేదు. క్లాసు ఎగ్గొడితే ఊరుకునేవాడు కాదు, డిగ్రీ చేతికి రావాల్సిందే. యూనివర్సిటీ లైబ్రరీకి నిధులు పోగుచేసిన కోచ్‌ని మీరెవరైనా చూశారా? గుంటూరు జిల్లాలో 26 ఏళ్లు విజిల్ ఊదినవాణ్ణి, చెబుతున్నాను. దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అనలేదండీ.

ఓవర్‌టైమ్_లత
మాస్టారూ, ఆ దండం ఎవరి మెడ మీద పడిందో కూడా చెప్పండి. నీల్ రీడ్ అనే ఆటగాడు, కోచ్ ప్రాక్టీసులో నా గొంతు పట్టుకున్నాడని 2000 మార్చిలో బయటపెట్టాడు. నైట్ కాదన్నాడు. ఊళ్లో సగం మంది రీడ్‌నే అబద్ధాలకోరు అన్నారు. నెల తిరక్కుండా 1997 నాటి ప్రాక్టీసు వీడియో టీవీలో వచ్చింది. చెయ్యి గొంతు మీదే ఉంది.
అది మొదటిదీ కాదు. 1979లో పాన్ అమెరికన్ గేమ్స్‌కి ప్యూర్టోరికో వెళ్లి అక్కడి పోలీసుతో గొడవపడ్డాడు. ఆయన లేకుండానే విచారణ జరిపి కోర్టు ఆరు నెలల శిక్ష వేసింది. 1988లో ఒక టీవీ ఇంటర్వ్యూలో రేప్ గురించి అన్న మాట ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడినదాన్ని. అలాంటి మాట అన్న మనిషిని ‘క్రమశిక్షణ’ ఖాతాలో వేసుకోలేను.

హూసియర్_మావయ్య
నేను 1996 నుంచి ఇండియానాపొలిస్‌లో ఉంటున్నా. ఆ వీడియో తర్వాత యూనివర్సిటీ అధ్యక్షుడు మైల్స్ బ్రాండ్ మే నెలలో ‘ఇంకొక్క తప్పు చేస్తే ఇంటికే’ అన్నాడు. సెప్టెంబరులో ఒక ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి) ఈయన్ని మర్యాద లేకుండా ‘నైట్’ అని పిలిచాడట. చెయ్యి పట్టుకుని క్లాసు పీకాడు. 10వ తేదీన పదవి ఊడింది. ఆ రాత్రి వేలమంది విద్యార్థులు బ్రాండ్ ఇంటి మీదకి ఊరేగింపుగా వెళ్లారు. మా ఆఫీసులో వారం రోజులు పని జరగలేదు. అన్నదమ్ములు కూడా రెండు వర్గాలైపోయారు. 29 సీజన్లంటే మాటలా? ఇక్కడివాళ్లకి ఆయన ఇంట్లో పెద్దాయన లాంటివాడు. ఇంట్లో పెద్దాయన కొడితే బయట చెప్పరు కదా, అదీ సంగతి.

కరీంనగర్_రీబౌండ్
మాస్టారు సార్, ఒక్కటి అడుగుత. గెలిపించింది కోపమా, ఆటనా? నేనైతే ఆటనే అంట. ఆయన మోషన్ అఫెన్స్ అనే దాడి ఆటల ముందే రాసిపెట్టిన ప్లే అంటూ ఉండది. బాల్ చేతిల లేనోడు ఊకె నిలవడొద్దు, తోటోనికి స్క్రీన్ పెట్టాలె (అవతలోనికి అడ్డం నిలవడాలె), అవతలోని కదలిక జూసి కట్ చెయ్యాలె (ఖాళీ జాగకు ఉరకాలె). డిఫెన్స్‌ల ఎవని మనిషిని వాడే పట్టుకోవాలె. ఐదుగురూ ఒక్క తీరుగ ఆలోచించాలంటే ప్రాక్టీసుల చెమట కారాలె. గొంతు పిసికితే తెలివి రాదు.
మీరు అరుపుల్తోనే కప్పులొచ్చినయంటరు. మరి 1995 నుంచి 2000 దాక గదే మనిషి, గవే అరుపులు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌ల (కాలేజీల జాతీయ కప్పు పోటీ) ఆరేండ్లల్ల ఒక్కసారి గూడ రెండో రౌండు దాటలే. అప్పుడు దండం ఏడ వోయింది?

పీఈటీ_మాస్టారు
ఆ ఆరేళ్ల సంగతి నిజమే, కాదనను. కానీ ల్యాండన్ టర్నర్ గురించి ఎవరూ ఎత్తలేదేం? 1981 కప్పు గెలిచిన జట్టులో కీలకమైన కుర్రాడు. ఆ వేసవిలోనే కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. వాడి వైద్యం ఖర్చుకి నైట్ డబ్బు పోగుచేశాడు. మరుసటి సీజన్లో చక్రాల కుర్చీలో ఉన్న వాణ్ణి జట్టు కెప్టెన్‌ని చేశాడు. ఇదీ ఆ మనిషే కదమ్మా.

ఓవర్‌టైమ్_లత
ఆ మనిషే మాస్టారూ. టర్నర్ కథ చదివి నేనూ కళ్లు తుడుచుకున్నాను. అయితే టర్నర్‌కి చేసిన మేలు టర్నర్‌కి చెల్లింది. రీడ్ బాకీ అందులోంచి ఎలా తీరుతుంది?
గట్టి కోచింగ్ వద్దనట్లేదు. రియోకి ముందు గోపీచంద్ గారు సింధు దగ్గర మూడు నెలలు ఫోన్ తీసేసుకున్నారు. అదీ కఠినమే, మెడ మీద చెయ్యి పడలేదు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో కోచ్ జాన్ వుడెన్ 12 ఏళ్లలో 10 కప్పులు గెలిచాడు, కుర్చీలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

బ్లూమింగ్టన్_బాటసారి
రీడ్ తర్వాత ఏమయ్యాడు? ఎవరికైనా తెలుసా?

ఓవర్‌టైమ్_లత
ఇండియానా వదిలి సదరన్ మిసిసిపీకి మారాడు. చదువయ్యాక కాలిఫోర్నియాలో ఒక హైస్కూల్లో టీచర్‌గా, కోచ్‌గా చేరాడు. 2012లో గుండెపోటుతో పోయాడు, 36 ఏళ్లకే.

హూసియర్_మావయ్య
నైట్ 2023 నవంబరు 1న బ్లూమింగ్టన్‌లోనే పోయారు. పంపేసిన 20 ఏళ్లకి, 2020 ఫిబ్రవరి 8న మళ్లీ ఆ హాల్లో అడుగుపెట్టారు. అదీ పర్డ్యూతో మ్యాచ్ రోజే. హాలంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డావని మా అమ్మాయి అడిగితే ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు.

పీఈటీ_మాస్టారు
రీడ్ హైస్కూల్ కోచ్ అయ్యాడని నాకు తెలీదమ్మా. మన ఉద్యోగమేనన్నమాట.
1998లో నేను ఒక పిల్లాణ్ణి జిల్లా సెలక్షన్స్ ముందు రోజు గ్రౌండులో అందరి ముందూ కొట్టాను. లే-అప్ మూడుసార్లు తప్పాడని. మర్నాడు వాడు సెలక్షన్‌కి రాలేదు. తర్వాత ఆటే మానేశాడు. ఇప్పుడు మా ఊళ్లోనే మెడికల్ షాపు. బీపీ మాత్రలకి వెళితే ‘నమస్తే సార్’ అని లేచి నిలబడతాడు. ఈసారి వెళ్లినప్పుడు అడుగుతాను.

కరీంనగర్_రీబౌండ్
అడిగినంక ఏమన్నడో ఈడనే చెప్పుండ్రి సార్.