అప్‌డేట్: ఆఫీసు పీసీలో అవుట్‌లుక్ నిమిషాల తరబడి తెరుచుకోకపోవడం - కారణం దొరికింది

పొద్దున్నే అవుట్‌లుక్ (ఆఫీసు మెయిల్స్ చూసుకునే ప్రోగ్రామ్) నొక్కితే 'ప్రొఫైల్ లోడ్ అవుతోంది' దగ్గరే ఆగిపోతోందని ఇక్కడ అడిగాను కదా, అది తేలింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

యాడ్-ఇన్‌లు (అవుట్‌లుక్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) కారణం కాదు. రన్ బాక్సులో 'అవుట్‌లుక్.ఈఎక్స్ఈ /సేఫ్' అని కొట్టి, అవి లేకుండా తెరిచినా అంతే నెమ్మది. ర్యామ్, యాంటీవైరస్, ఇన్‌బాక్స్ సైజు, వీటికీ సంబంధం లేదు. (ర్యామ్ కొనమన్నవాళ్లే ఎక్కువ!)

మా ఐటీ అబ్బాయి వచ్చి ఏమీ అడగకుండా వెనకనున్న ల్యాన్ కేబుల్ పీకేశాడు. అవుట్‌లుక్ టక్కున తెరుచుకుంది. అసలు సంగతేంటంటే, మా ఆఫీసు కోరమంగళ నుంచి వైట్‌ఫీల్డ్‌కి మారినప్పుడు పాత సర్వర్ ఆపేశారు. పాత మెయిల్స్ దాచిన పీఎస్‌టీ ఫైలు దాని మీదే ఉండేది. తెరిచిన ప్రతిసారీ లేని సర్వర్ కోసం అవుట్‌లుక్ ఎదురుచూస్తోందన్నమాట. కేబుల్ పీకేస్తే నెట్‌వర్కే లేదు కాబట్టి ఎదురుచూడకుండా తెరుచుకుంది.

ఫైల్ మెనూలో అకౌంట్ సెట్టింగ్స్, అందులో డేటా ఫైల్స్ ట్యాబ్‌కి వెళ్లి ఆ ఎంట్రీని రిమూవ్ చేశాం. టెన్షన్ పడక్కర్లేదు, లింకు మాత్రమే తెగుతుంది, ఫైలు పోదు. తర్వాత బ్యాకప్‌లోని పీఎస్‌టీని సీ డ్రైవ్‌లోకి కాపీ చేసి అక్కడి నుంచి తెరిచాం. నెట్‌వర్క్ డ్రైవ్‌లో పీఎస్‌టీ పెట్టుకోవద్దని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుందట.

ఇప్పుడు అవుట్‌లుక్ కాఫీ తెచ్చుకునే టైమ్ కూడా ఇవ్వకుండా తెరుచుకుంటోంది.