అంతర్వేది నల్ల ఇసుక శాటిలైట్‌కి దొరుకుతుందా?

పిక్సెల్_రాజు: 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో టైటానియం, జిర్కోనియం, రేర్ ఎర్త్స్ అనే లోహాల గుంపు ఉన్నాయి. మన తీరపు నల్ల ఇసుకలో ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ ఉన్నాయిగా, ఆ మూడూ వాటిలోంచే వస్తాయి. యూరప్ వాళ్ల శాటిలైట్ సెంటినెల్-2 తీసే ఫొటోలు ఉచితం, ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు. సఖినేటిపల్లి వైపు అల వెంబడి నల్లటి చార కనిపించింది. ఇంకా లోపల, వరిచేల పల్లం మధ్య కొబ్బరితోటల మెరకలు వరసగా ఉన్నాయి, అవి ఒకప్పటి సముద్రతీరాలే. ఎక్కడ బోరు వేయాలో ముందే తెలుస్తుంది. ఫొటోలో ఎర్ర గీతలు గీసి పెట్టాను, చూడండి.

కొబ్బరిమట్ట: తడి ఇసుక కూడా నల్లగానే కనబడుతుంది కదండీ?

గోదారి_గట్టు: గూగుల్‌లో మా పాకే కనబడదు, ఖనిజాలట!

పిక్సెల్_రాజు: తడి ఇసుక షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే కంటికి కనబడని ఒక రకం కాంతిలో, మరీ చీకటి అయిపోతుంది. అందుకే ఒక్క రంగు చూసి చెప్పను, శాటిలైట్ విడివిడిగా తీసే కాంతి బ్యాండ్లన్నీ పోలుస్తాను.

కొబ్బరిమట్ట: ఆటు ఏ పూటో, పోటు ఏ పూటో చూశారా? తుపాను వెళ్లిన మర్నాడు ఒడ్డంతా నల్లగా మెరుస్తుంది. అలలు తేలిక ఇసుకను లాక్కుపోతే బరువుది మిగులుతుంది. కొన్నాళ్లకు తెల్ల ఇసుక కప్పేస్తుంది. శాటిలైట్ చూసేది పైపొరే. ఇక తోట కింద ఏముందో దానికేం తెలుసు?

థోరియం_తాత: మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. దాని గామా కిరణాలను తక్కువ ఎత్తులో ఎగిరే విమానంతో కొలుస్తారు. అదీ పై అరమీటరు లోపే. 786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే సెంటినెల్‌తో అయ్యే పని కాదు.

పిక్సెల్_రాజు: బోర్లు వద్దన్నానా? ఎక్కడ వేయాలో అన్నాను! కొబ్బరిమట్ట గారికి అసలు టెక్నాలజీ అంటేనే గిట్టదు.

కొబ్బరిమట్ట: గిట్టకేం? మా నాన్న రోజుల్లో సర్వే అని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. తోటలో కన్నాలు పెట్టారు. పోయిన చెట్లు 19, కాగితం మీద 11. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఆయన చెప్పులరిగాయి గానీ పైసా రాలేదు. ఇప్పుడు మీ ఎర్ర గీత సరిగ్గా మా మెరక మీద ఉంది. రేపు బ్రోకరు ఈ ఫొటో పట్టుకుని మా గుమ్మంలోకి వస్తాడు. తడి ఇసుక కాదండీ నా బాధ.

పిక్సెల్_రాజు: ఆ మాట ముందే చెప్పొచ్చుగా! ఫొటో తీసేశాను. మెరక మాత్రం అక్కడే ఉంది, దాన్నేం చెయ్యను?

కొబ్బరిమట్ట: తీసేలోగా ఎంతమంది చూశారో.

గోదారి_గట్టు: నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది, ఎవరికైనా కావాలా?