సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత మిత్రుల కలయిక: మనసు విప్పి మాట్లాడుకునేదెలా?

ఇరవై ఏళ్ల తర్వాత కలుస్తున్న 18 మంది డిగ్రీ స్నేహితులకు సాయంత్రం ఏర్పాటు చేస్తున్నాం. శుక్రవారం మ్యూజియానికి సెలవు కాబట్టి శనివారం పెట్టుకున్నాం. మూడింటికి లోపలికి వెళ్లి, నాలుగింటికి సంగీత గడియారంలో గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూసి, తర్వాత బయట హాల్లో భోజనాలు.

అసలు మాటలు మొదలవ్వాల్సింది జంట శిల్పం దగ్గర. ఒకే చెక్క దుంగలో ముందు తల ఎత్తుకుని నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ (జర్మన్ నాటకం 'ఫౌస్ట్'లోని దయ్యం), వెనక తల వంచిన మార్గరెట్టా (అదే నాటకంలోని అమాయకపు అమ్మాయి). ఆమె మనకు కనిపించేది వెనకున్న అద్దంలోనే. "మాకు తెలియని నీ వెనక వైపు ఏది?" అని అక్కడ అడగాలని ఉంది. అందరూ ఒకేసారి చేరితే అద్దం కనపడదు, మాట వినపడదు. అందుకే ఆరుగురేసి మూడు గుంపులు, ఒక్కో గుంపుకు పది నిమిషాలు. భోజనానికీ ఆరుగురి గుండ్రటి బల్లలే; పొడవాటి బల్లైతే పక్కవాళ్లతో తప్ప మాట సాగదు.

"ఇప్పుడెక్కడ చేస్తున్నావ్?" అనే ప్రశ్నతో మొదలైతే జీతాలు, ఫ్లాట్ల లెక్కల్లో పడి, ఉద్యోగం పోయినవాళ్లు ముడుచుకుపోతారు. దానికి బదులు ఏం అడిగితే బాగుంటుంది?

ఇంకోటి. అప్పు విషయంలో మాటలు మానేసిన ఇద్దరున్నారు. వాళ్లను ఒకే గుంపులో వేయాలా? ముందే విడివిడిగా ఫోన్ చేసి అడగాలా? ఇలాంటివి నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.