స్టెంట్ వేసి రెండు రోజులైంది, బస్సెక్కొచ్చా?

రెండు రోజులు తిరిగొద్దామని అనంతపురం నుంచి కర్నూలు వచ్చాం. కొండారెడ్డి బురుజు ఎక్కుతుంటే మా నాయనకు ఛాతీ పట్టేసింది. గ్యాస్ అనుకుని సోడా తాగించాను, నా తెలివి అలా ఏడ్చింది. ఆస్పత్రిలో కుడి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల పరీక్ష) చేసి, ఒక స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే సన్నటి జాలీ గొట్టం) వేశారు. ఈ పొద్దున డిశ్చార్జ్. గుచ్చినచోట రూపాయి బిళ్లంత నల్లగా కమిలింది, వాపు లేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దన్నారు. ఆ టెన్షన్‌లో ప్రయాణం సంగతి అడగడం మర్చిపోయాను.

ఊరికి సుమారు 150 కిలోమీటర్లు. ఆయనేమో "కారెందుకు, డబ్బులు దండగ, బస్సుకే పోదాం" అని లాడ్జిలో సంచి సర్దేశారు. ఇలా స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఎన్నాళ్లకు ప్రయాణం చేశారు? ఆ కమిలింది ఎప్పుడు తగ్గింది? ఆ చేత్తో సంచి మోయొచ్చా? రేపు డాక్టర్‌నీ అడుగుతాను. ఈలోపు మీ అనుభవం చెప్పండి, ఈయన్ను ఆపాలి.